జీవం పుట్టుకలో సహజ రేడియేషన్ పాత్ర ఏమైనా ఉందా? ఒక్లో గురించి చదివాక వచ్చిన డౌట్

చుక్కలలెక్క:
అందరికీ నమస్తే. కొన్నాళ్లుగా ఇదే బుర్రలో తిరుగుతోంది, ఇక్కడ తెలిసినవాళ్లు ఉంటారని అడుగుతున్నా. ఆఫ్రికాలో గాబన్ అనే దేశంలో ఒక్లో అని ఒక యురేనియం గని ఉంది, చాలామంది వినే ఉంటారు. 1972లో ఆ గని ఖనిజాన్ని ఫ్రాన్స్‌లో పియెర్‌లాట్ ప్లాంట్‌లో పరీక్షిస్తే యురేనియం-235 (యురేనియంలో సులువుగా చీలే రకం) వాటా 0.720 శాతం ఉండాల్సింది 0.717 శాతమే వచ్చింది. అంత చిన్న తేడాకు అంత హడావుడి ఎందుకంటే, భూమ్మీద ఎక్కడ తవ్వినా ఆ అంకె మారదు. పైగా అది బాంబుల్లోకి పోయే సరుకు, కాస్త తగ్గినా లెక్క చెప్పాల్సిందే. చివరికి తేలిందేంటంటే, దాదాపు 200 కోట్ల ఏళ్ల క్రితం ఆ ఖనిజం తనంతట తానే అణు రియాక్టర్‌గా పనిచేసి కొంత యురేనియం-235ని ఖర్చు చేసేసింది! రాతిలోకి ఇంకిన నీరు న్యూట్రాన్ల వేగం తగ్గిస్తే చైన్ రియాక్షన్ మొదలయ్యేది, వేడికి నీరు ఆవిరైపోతే ఆగిపోయేది, చల్లారి మళ్లీ నీరు చేరితే మళ్లీ మొదలు. అక్కడ చిక్కుకుపోయిన జెనాన్ వాయువును బట్టి లెక్కేసి అరగంట నడిచి రెండున్నర గంటలు ఆగేదని 2004లో చెప్పారు. ఇలా లక్షల ఏళ్లు. పవర్ మాత్రం తక్కువే, సగటున 100 కిలోవాట్ల దాకా.

ఇప్పుడు అసలు డౌట్. ఒక్లో నాటికే జీవం పుట్టి చాలా కాలమైంది, ఆస్ట్రేలియాలోని పిల్బరాలో 348 కోట్ల ఏళ్ల నాటి సూక్ష్మజీవుల పొరల రాళ్లు ఉన్నాయి, కాబట్టి ఒక్లో వల్ల జీవం పుట్టిందని నేను అనడం లేదు (ఇది ముందే చెప్పకపోతే మొదటి కామెంట్ అదే వస్తుంది). కానీ యురేనియం-235 అర్ధజీవిత కాలం, అంటే ఉన్నదాంట్లో సగం తరిగిపోయే కాలం, 70 కోట్ల ఏళ్లు. వెనక్కి లెక్కేసుకుంటూ పోతే 200 కోట్ల ఏళ్ల క్రితం దాని వాటా 3.7 శాతం, 400 కోట్ల ఏళ్ల క్రితం దాదాపు 17 శాతం వస్తోంది. మన రియాక్టర్లలో వాడే ఇంధనమే 3 నుంచి 5 శాతం కదా, మరి 17 శాతం ఉన్న రోజుల్లో ఇలాంటి సహజ రియాక్టర్లు ఎక్కడపడితే అక్కడ ఉండి ఉండాలి కదా? జీవం పుట్టిందనుకుంటున్న కాలం కూడా దాదాపు అదే. పుస్తకాల్లో ఎప్పుడూ మిల్లర్ ప్రయోగం (వాయువుల్లో స్పార్క్ ఇచ్చి అమైనో ఆమ్లాలు తీసినది), మెరుపులు, మహా అయితే సముద్రం అడుగున వేడినీటి బుగ్గలు అని రాస్తారు తప్ప రేడియేషన్ ఊసే ఎత్తరు. ఎవరైనా దీని మీద సీరియస్‌గా పనిచేశారా, లేక ఇది యూట్యూబ్ సరుకేనా?

రాళ్లపిచ్చి:
మంచి ప్రశ్న. మీ 17 శాతం లెక్క కరెక్టే. కానీ "ఎక్కడపడితే అక్కడ" అన్నదగ్గరే చిక్కు, అది ఫిజిక్స్ చిక్కు కాదు, జియాలజీ చిక్కు.

యురేనియం రాళ్లలో మామూలుగా మిలియన్‌కి రెండు మూడు పాళ్లు ఉంటుంది. అది రియాక్టర్ కావాలంటే ఒకచోట పోగుపడాలి, మందంగా, శుద్ధంగా. ఒక్లోలో పోగు చేసింది ఎవరంటే ఆక్సిజన్. ఆక్సిజన్ ఉన్న నీటిలో యురేనియం ఆక్సీకరణం చెంది కరుగుతుంది, ఆ నీరు ప్రవహించి ప్రవహించి సేంద్రియ పదార్థం ఉన్న చోటికి, అంటే ఆక్సిజన్ లేని చోటికి చేరాక అక్కడ అవక్షేపంగా దిగిపోతుంది. గాలిలోకి ఆక్సిజన్ చెప్పుకోదగ్గంతగా చేరింది దాదాపు 240 కోట్ల ఏళ్ల క్రితం, అదీ సైనోబాక్టీరియా (ఎండతో ఆక్సిజన్ తయారుచేసే సూక్ష్మజీవులు) పుణ్యమా అని. అంటే ఒక్లో తరహా రియాక్టర్ రావాలంటే ముందు జీవం ఉండాలి! మీరు అడిగినదానికి సరిగ్గా తలకిందులు. మీరు చెప్పిన 3.7 శాతం ఉన్న కాలం, ఆక్సిజన్ వచ్చిన కాలం ఒకదానికొకటి దగ్గరగా ఉండబట్టే ఒక్లో సాధ్యమైంది. ఇంకో వంద కోట్ల ఏళ్లు ఆలస్యమైతే 235 వాటా సరిపోయేది కాదు.

అయితే కథ అక్కడితో ఆగదు. ఆక్సిజన్ లేకపోతే యురేనైట్ అనే ఖనిజం నీటిలో కరగదు, ఇసుకరేణువులా అలాగే ఉంటుంది, బరువెక్కువ కాబట్టి నదులు, అలలు తేలిక ఇసుకను కొట్టుకుపోయి దాన్ని వెనక వదిలేస్తాయి. ఇది ఊహ కాదు, దక్షిణాఫ్రికాలో విట్‌వాటర్స్‌రాండ్ బంగారు గనుల్లో దాదాపు 300 కోట్ల ఏళ్ల నాటి నది కంకరలో గుండ్రంగా అరిగిపోయిన యురేనైట్ రేణువులు బంగారంతో పాటే దొరుకుతాయి. దీన్ని ఆధారం చేసుకుని జాకరీ ఆడమ్ అనే ఆయన 2007లో ఒక వాదన పెట్టాడు. తొలినాళ్లలో చంద్రుడు భూమికి చాలా దగ్గరగా ఉండేవాడు, ఆటుపోట్లు ఇప్పటికన్నా ఎంతో పెద్దవి, కాబట్టి తీరాల్లో యురేనియం, థోరియం ఖనిజాలు పేరుకుని ఉంటాయి, ఆ ఇసుకలోనే జీవానికి కావాల్సిన రసాయనాలు తయారై ఉంటాయి అని. జపాన్‌లో ఎబిసుజాకి, మరుయామా 2017లో "న్యూక్లియర్ గీజర్" అని ఇంకో మోడల్ పెట్టారు, అందులో రియాక్టర్ భూమి లోపల నీటిని వేడి చేసి గీజర్‌గా పైకి చిమ్ముతుంది. అంటే యూట్యూబ్ సరుకు కాదు, పేపర్లున్నాయి.

నాకు నచ్చని సంగతి ఒక్కటే. తీరం ఉండాలంటే నేల ఉండాలి, యురేనియం ఎక్కువగా ఉండే గ్రానైట్ లాంటి రాయి ఉండాలి. ఆ కాలం నుంచి మనకు మిగిలింది ముఖ్యంగా ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో దొరికిన జిర్కాన్ అనే ఖనిజ రేణువులే, వాటిలో పాతవి 440 కోట్ల ఏళ్లవి. వాటిని చూసి కొంత నేల, కొంత నీరు ఉండేవని చెప్పగలం, బీచ్‌లు ఎంత పొడవున ఉండేవో చెప్పలేం.

తెలుగోడు99:
అంటే మనందరి ముత్తాతలు రియాక్టర్ దగ్గర పుట్టారన్నమాట, మా ఊళ్లో సెల్ టవర్ వద్దని ధర్నా చేసినవాళ్లకి ఈ లింక్ పంపుతా 😂

బెంజీన్‌బాబు:
పై కామెంట్‌కి: సెల్ టవర్ నుంచి వచ్చేది అయనీకరణ చెయ్యదు, అంటే అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టదు, దీనికీ దానికీ సంబంధం లేదు, పంపకండి.

నేను కెమిస్ట్రీ వైపు నుంచి కొంచెం నీళ్లు చల్లుతా. 1959లో మిల్లర్, యూరీ ఇద్దరూ కలిసి భూమ్మీద ఏ శక్తి ఎంత అందుబాటులో ఉందో ఒక పట్టిక వేశారు, చదరపు సెంటీమీటరుకు ఏడాదికి ఎన్ని కేలరీలు అని. 250 నానోమీటర్లకన్నా తక్కువ తరంగదైర్ఘ్యం ఉన్న అతినీలలోహిత కిరణాలు 570. మెరుపుల్లాంటి విద్యుత్ డిశ్చార్జీలు 4. పై కిలోమీటరు మందం రాతిలోని రేడియోధార్మికత మొత్తం 0.8. కాస్మిక్ కిరణాలు 0.0015. ఇవి ఇప్పటి అంకెలు, అప్పట్లో పొటాషియం-40 (రాళ్లలో సహజంగా ఉండే రేడియోధార్మిక పొటాషియం) తొమ్మిది రెట్లు, యురేనియం-235 యాభై రెట్లు ఎక్కువుండేవి కాబట్టి రేడియోధార్మికతను మొత్తం మీద మూడు నాలుగు రెట్లు పెంచుకోండి. అయినా అతినీలలోహితం ముందు ఎక్కడ? పైగా ఆక్సిజన్ లేదంటే ఓజోన్ పొర కూడా లేదు, ఆ కిరణాలన్నీ నేరుగా నేల మీద, నీటి మీద పడేవి. ఇంత సూర్యుడిని పెట్టుకుని రాతిలో ఉన్న కాస్త రేడియేషన్ కోసం ఎందుకు వెతుక్కోవాలి అనేది చాలామంది కెమిస్టుల మాట, నాదీ అదే.

కానీ "ఊసే ఎత్తరు" అనడం చరిత్ర ప్రకారం నిజం కాదు. మిల్లర్ 1953 కన్నా రెండేళ్ల ముందే, 1951లో, బర్కిలీలో మెల్విన్ కాల్విన్ బృందం కార్బన్ డయాక్సైడ్ కరిగిన నీటి మీద సైక్లోట్రాన్ (కణాలను వేగంగా తోలే యంత్రం) నుంచి హీలియం అయాన్లు వదిలి ఫార్మిక్ ఆమ్లం, కొద్దిగా ఫార్మాల్డిహైడ్ తీశారు. కిరణజన్య సంయోగక్రియ మీద తర్వాత 1961లో నోబెల్ వచ్చింది చూడండి, ఆ కాల్విన్. ఆ ప్రయోగంలో నైట్రోజన్ లేదు, కాబట్టి అమైనో ఆమ్లాలు వచ్చే ప్రసక్తే లేదు, అందుకే జనానికి గుర్తులేదు. మిల్లర్ మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్ పెట్టి స్పార్క్ ఇచ్చాడు, గ్లైసీన్ వచ్చింది, పేరంతా అతనికి పోయింది. ఇంకొకాయన సిరిల్ పొన్నంపెరుమ, శ్రీలంకలో పుట్టి మన పక్కనే మద్రాసు యూనివర్సిటీలో ఫిలాసఫీ డిగ్రీ చేసి, తర్వాత కెమిస్ట్రీలోకి వెళ్లినవాడు. 1963లో మీథేన్, అమ్మోనియా, నీరు కలిపి ఎలక్ట్రాన్ బీమ్ ఇస్తే అడినిన్ వచ్చిందని చూపించారు, పేపర్‌లో కాల్విన్ పేరు కూడా ఉంది. డీఎన్‌ఏలో ఉండే నాలుగింట్లో ఒకటి అది. ఆ ఎలక్ట్రాన్ బీమ్ ఎందుకంటే పొటాషియం-40 నుంచి వచ్చే బీటా కిరణాలకు బదులుగా. కాబట్టి మీ డౌట్‌కి అరవై ఏళ్లు దాటాయి.

చుక్కలలెక్క:
కాల్విన్ సంగతి అస్సలు తెలియదు, థాంక్స్ బెంజీన్‌బాబు గారు. కానీ ఆ పట్టిక మీద ఒక మాట. అది భూమి మొత్తానికి సగటు కదా? జీవం సగటు మీద పుట్టదు, ఏదో ఒక మూల పుడుతుంది. రాళ్లపిచ్చి గారు చెప్పిన ఇసుకలాంటి చోట 0.8 ఎంత అవుతుంది? అదీకాక అతినీలలోహితం నీటి పైపొరలతోనే సరి, రాతిలోకి అసలు దిగదు, గామా కిరణం దిగుతుంది. రాత్రి పగలు తేడా లేదు, మబ్బు పట్టినా ఆగదు.

ఉప్పుగాలి:
ఇసుక అన్నారు కాబట్టి నేనూ దూరుతున్నా, మాది భీమిలి దగ్గర. ఇక్కడి నుంచి కళింగపట్నం, భావనపాడు దాకా తీరంలో నల్ల ఇసుక చారలు కనబడతాయి, తుపాను వెళ్లాక ఇంకా బాగా. నల్లగా కనబడేది ఎక్కువగా ఇల్మనైట్, అందులో కలిసి గార్నెట్, జిర్కాన్, మోనజైట్ ఉంటాయి. మోనజైట్ నలుపు కాదు, తేనె రంగు రేణువు, థోరియం ఉండేది దాంట్లో. తూర్పు కనుమల రాళ్లు అరిగి, ఏళ్లతరబడి నదులు మోసుకొచ్చి, అలలు జల్లెడ పట్టి పెట్టిన సరుకు ఇది. అంటే ఆడమ్ అనే ఆయన చెప్పిన పద్ధతి ఇప్పటికీ మా వాకిట్లో జరుగుతూనే ఉంది, యురేనైట్ బదులు మోనజైట్‌తో. థోరియం తనంతట తాను చైన్ రియాక్షన్ చెయ్యదు కాబట్టి రియాక్టర్ సంగతి మర్చిపోండి.

ఎంత రేడియేషన్ అంటే, మనిషికి ప్రకృతి నుంచి వచ్చే ప్రపంచ సగటు ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌లు. కేరళలో కరునాగపల్లి తీరంలో మోనజైట్ బాగా ఎక్కువ, అక్కడ కొన్ని చోట్ల ఏడాదికి 70 మిల్లీగ్రేల దాకా కొలిచారు (ఇదీ డోసు కొలతే, గామా కిరణాలకు మిల్లీసీవర్ట్‌తో దాదాపు సమానం). అక్కడ తరతరాలుగా జనం ఉంటున్నారు, 2009లో వచ్చిన పెద్ద సర్వేలో దానివల్ల క్యాన్సర్ పెరిగిన జాడ కనబడలేదు. మనిషికే పెద్దగా ఏం చెయ్యని డోసు రసాయనాలకు ఏం చేస్తుందని అనిపిస్తుంది. కానీ లెక్క చూడండి: ఏడాదికి 70 మిల్లీగ్రేలు అంటే ఒక కిలోగ్రే చేరడానికి 14 వేల ఏళ్లు, పది కిలోగ్రేలకు లక్షా నలభై వేల ఏళ్లు. ల్యాబ్‌లో ఈ ప్రయోగాలు చేసేది కిలోగ్రేల్లోనే కదా? భూమికి లక్షన్నర ఏళ్లు ఒక లెక్కా!

బెంజీన్‌బాబు:
ఉప్పుగాలి గారూ, లెక్క బాగుంది, తప్పు లేదు, కానీ కెమిస్ట్రీలో మొత్తం డోసు ఒక్కటే చూస్తే చాలదు, ఎంత వేగంగా వస్తోందన్నది ముఖ్యం. ఎందుకంటే తయారైన సరుకు మీకోసం లక్షన్నర ఏళ్లు కూర్చోదు. 1998లో లెవీ, మిల్లర్ కొలిచారు: ఆర్‌ఎన్‌ఏలో ఉండే సైటోసిన్ 100 డిగ్రీల నీటిలో 19 రోజుల్లో సగం పాడైపోతుంది, అడినిన్‌కి ఏడాది పడుతుంది. సున్నా డిగ్రీల దగ్గర సైటోసిన్ సగం పాడవడానికి 17 వేల ఏళ్లు పడుతుంది. అడుగున చిల్లు ఉన్న ట్యాంకుకి సన్నటి పైపు పెట్టి ఎన్నేళ్లు నీళ్లు వదిలినా ఒక మట్టం దాటి పెరగదు, ఇదీ అంతే. చిల్లు వేడిని బట్టి, పైపు డోసు వేగాన్ని బట్టి. కరునాగపల్లి వేగంతో, గోరువెచ్చని సముద్రపు నీటిలో అయితే ఆ మట్టం చాలా కింద ఉంటుంది. నిజంగా రియాక్టర్ లాంటిది ఉంటే వేగం సరిపోతుంది, కానీ అక్కడ వేడి కూడా ఉంటుంది, చిల్లు పెద్దదవుతుంది. గీజర్ మోడల్ వాళ్లు వేడినీరు పైకి చిమ్మి చల్లబడుతుంది అనేది ఈ చిక్కు దాటడానికే అని నా అనుమానం.

రెండో ఇబ్బంది, రేడియేషన్ నేరుగా కొట్టేది ఎక్కువగా నీటినే. నీటి అణువు విరిగి హైడ్రాక్సిల్ రాడికల్స్, విడి ఎలక్ట్రాన్లు, హైడ్రోజన్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వస్తాయి. ఎలక్ట్రాన్లు మంచివే, కార్బన్ డయాక్సైడ్‌ని క్షయకరణం చేసి పనికొచ్చే అణువులు ఇస్తాయి. హైడ్రాక్సిల్ అలా కాదు, ఎదురొచ్చిన సేంద్రియ అణువునల్లా కొరుకుతుంది, కట్టేది కూల్చేది రెండూ ఒకే కిరణం. కాబట్టి రేడియేషన్ ఉన్నచోట సరుకు తయారై వెంటనే పక్కకు పోవాలి, ఇసుకలో నీరు వచ్చి పోతుండటం, ఎండుతూ తడుస్తూ ఉండటం అలాంటిదాన్నే ఇవ్వగలదు, ఇంతవరకు ఆడమ్‌తో నాకు పేచీ లేదు.

న్యాయంగా చెప్పాలంటే ఈ మధ్య ప్రయోగాలు మునుపటికన్నా మెరుగ్గానే ఉన్నాయి. 2020లో టోక్యోలో కొందరు (ఆడమ్ కూడా ఉన్నాడు) హైడ్రోజన్ సయనైడ్, ఉప్పు, అమ్మోనియం, ఫాస్ఫేట్ కలిపిన నీటి మీద గామా కిరణాలు వదిలారు. ఉప్పులోని క్లోరైడే ఇక్కడ కిటుకు. హైడ్రాక్సిల్ రాడికల్స్ దాన్ని పట్టుకుంటే చివరికి సయనమైడ్ వచ్చింది, ఎండబెడితే ఆర్‌ఎన్‌ఏ దారిలో ఒక మెట్టైన 2-అమైనో ఆక్సజోల్ కూడా కనబడింది. ఒకే పాత్రలో, మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టకుండా. కూల్చేదాన్నే కట్టడానికి వాడుకోవడం బాగుంది. నా వరకు ఇదే ఈ రంగంలో గట్టి పని, రియాక్టర్ కథలన్నీ దీని తర్వాతే.

రాళ్లపిచ్చి:
బెంజీన్‌బాబు గారు పుట్టుక గురించే మాట్లాడుతున్నారు, నేను బతకడం గురించి ఒకటి కలుపుతా. అదే విట్‌వాటర్స్‌రాండ్ ప్రాంతంలో ఎంపోనెంగ్ అనే బంగారు గని, 2.8 కిలోమీటర్ల లోతున రాతి పగుళ్లలోని నీటిలో దాదాపు ఒకే ఒక్క జాతి బాక్టీరియా దొరికింది, పేరు డిసల్ఫోరూడిస్ ఆడాక్స్‌వియేటర్. ఎండ లేదు, పైనుంచి తిండి లేదు, నీరు 60 డిగ్రీల వేడి. చుట్టూ రాతిలోని యురేనియం నీటిని విరగ్గొట్టి ఇచ్చే హైడ్రోజన్‌తో బతుకుతోంది. దానికి జతగా కావాల్సిన సల్ఫేటు కూడా పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) మీద అదే రేడియేషన్ పనిచేస్తే వచ్చిందే. అంటే రేడియేషన్‌ని శక్తిగా వాడుకోవడం జీవానికి సాధ్యమేనని కళ్లముందు ఉంది. మొదటి జీవి ఇలాగే బతికిందని దీనివల్ల రుజువు కాదు, ఈ బాక్టీరియా జన్యువులు చూస్తే పైనుంచి కిందికి దిగిన జాతిలాగే ఉంది, సకల సరంజామాతో వచ్చింది.

మన దగ్గరి సంగతి ఒకటి. కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం ఉన్నది వేంపల్లె డోలోమైట్ సున్నపురాతిలో, దాదాపు 200 కోట్ల ఏళ్ల నాటిది, అంటే వయసులో ఒక్లోకి జోడీ. ఆ రాతిలో స్ట్రోమటోలైట్లు, అంటే సూక్ష్మజీవులు పొరలుపొరలుగా కట్టినవి, బాగా కనబడతాయి. నిస్సారమైన సముద్రం, ఆక్సిజన్ ఉన్న నీటిలో కరిగొచ్చిన యురేనియం, అడుగున సూక్ష్మజీవుల చాపలు, ఫాస్ఫేట్. ఇక్కడ జీవమే యురేనియాన్ని పోగు చెయ్యడంలో చెయ్యి వేసింది. అది రియాక్టర్ మాత్రం కాలేదు, ఖనిజం మరీ పలచన.

చుక్కలలెక్క:
తుమ్మలపల్లె అనగానే గొడవలు, నీటి కలుషితం వార్తలే గుర్తొస్తాయి, ఆ రాతిలో ఈ సంగతి ఉందని ఎవరూ చెప్పలేదు. ఇంకొక్క ప్రశ్న అడిగి వదిలేస్తా. ఇదంతా భూమ్మీదే జరగాలా? ఉల్కల్లో అమైనో ఆమ్లాలు దొరుకుతాయి కదా, 1969లో ఆస్ట్రేలియాలో పడిన మర్చిసన్ ఉల్కలో డజన్లకొద్దీ ఉన్నాయి. అవి తయారవడానికి శక్తి ఎక్కడిది, అక్కడ మెరుపులు లేవు, లోపలికి ఎండ పోదు.

బెంజీన్‌బాబు:
ఇక్కడ మాత్రం నేను మీవైపే. సౌరకుటుంబం పుట్టిన కొత్తలో అల్యూమినియం-26 బాగా ఉండేది, అర్ధజీవిత కాలం ఏడు లక్షల ఏళ్లు, కాబట్టి మొదటి కొన్ని మిలియన్ల ఏళ్లలోనే అయిపోయింది. చిన్నచిన్న గ్రహశకలాల లోపలి మంచును కరిగించిన వేడి ఎక్కువగా దానిదే. ఆ వేడితో పాటు గామా కిరణాలు కూడా వస్తాయి. 2022లో జపాన్‌లో ఫార్మాల్డిహైడ్, మిథనాల్, అమ్మోనియా కలిపిన నీటిని కోబాల్ట్-60 గామా కింద పెడితే గ్లైసీన్, అలనిన్ లాంటివి వచ్చాయి, డోసు పెరిగేకొద్దీ ఎక్కువయ్యాయి. మర్చిసన్‌లో ఉన్నంత అలనిన్, బీటా-అలనిన్ తయారవడానికి వెయ్యి ఏళ్ల నుంచి లక్ష ఏళ్లు చాలని లెక్కేశారు. అక్కడ అతినీలలోహితం పోటీకి లేదు, మెరుపు లేదు, మూసిపెట్టిన రాయి, లోపల చల్లటి నీరు, కాబట్టి నా ట్యాంకు చిల్లు కూడా చిన్నదే. భూమ్మీద రేడియేషన్‌కి రెండో మూడో స్థానం ఇస్తాను, గ్రహశకలం లోపల దానికి పోటీ వేడి ఒక్కటే, ఆ వేడి కూడా అల్యూమినియం-26 పెట్టిందే.

ఉప్పుగాలి:
అయితే ఆ ఉల్కలు వచ్చి పడ్డ చోట మా ఇసుక లాంటిది ఉంటే రెండూ కలుస్తాయి కదండీ, సరుకు పైనుంచి, క్లోరైడ్ సముద్రం నుంచి?

బెంజీన్‌బాబు:
కలవొచ్చు. సయనైడ్ తగినంత చిక్కగా ఉంటేనే. సముద్రంలో పడితే పలచనైపోతుంది, తీరం వెనక ఎండిపోయే చిన్న మడుగులైతే కొంత ఆశ ఉంది. ఆ టోక్యో ప్రయోగాన్ని మోనజైట్ ఇసుక వేసి, తక్కువ డోసు వేగంతో, ఏళ్లతరబడి ఓపిగ్గా నడిపితే ఏమొస్తుందో చూడాలని నాకూ ఉంది, కాకపోతే ఏ పీహెచ్‌డీ విద్యార్థి ఒప్పుకుంటాడు!